మెరుగూ, అరుగుదలా

పండుగలు దగ్గరపడినప్పుడల్లా పత్రికల మహిళా పుటలలోనూ, మధ్యాహ్నం వేళ టీవీలో వచ్చే గృహిణుల కార్యక్రమాలలోనూ ఒక చిట్కా తప్పకుండా ప్రత్యక్షమవుతుంది. నల్లబడిన వెండి పట్టీలను పళ్ళు తోముకొనే పేస్టుతో రుద్దండి, తళతళలాడిపోతాయి అని. ఏటేటా అదే చిట్కా, అదే పేస్టు, అదే తళతళ. చెప్పేవారికి విసుగు లేదు, వినేవారికి అనుమానం లేదు. నేను కూడా చాలాకాలం నమ్మి ఆచరించిన దానినే. ఆ పాపంలో నాకు వాటా ఉన్నది కనుక, ఈ విషయమై నాలుగు మాటలు కటువుగా వ్రాసే అధికారమూ కొంత ఉన్నదనుకొంటున్నాను.

నేను చెప్పదలచుకొన్నది సూటిగా ముందే మనవి చేస్తాను. వెండి నగ నల్లబడిన ప్రతిసారీ దానిని తెల్లగా తోమి తీరాలనే పట్టుదల శుభ్రత అనిపించుకోదు. అది నగను కొద్దికొద్దిగా తినివేయడం. తోమేవారికి తెలియకుండా, తోమించుకొనేవారి చేతనే డబ్బు ఇప్పించి మరీ చేయించే పని. ఇందులో నష్టపోయేది వెండి ఒక్కటే అయితే ఇంత ఆవేశపడేదానిని కాదు.

ముందుగా ఆ నలుపు ఏమిటో చూడాలి. గాలిలో అతి స్వల్పంగా హైడ్రోజన్ సల్ఫైడు అనే వాయువు ఉంటుంది. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన దానిదే. మురుగు కాలువల ప్రక్కన ఉన్న ఇళ్ళలో వెండి సామాను త్వరగా నల్లబడడానికి కారణం అదే. కోడిగ్రుడ్డులోనూ, ఉల్లిపాయలోనూ, ఉన్నిలోనూ, రబ్బరులోనూ గంధకం ఉన్నది. వెండికి గంధకమంటే మహా ప్రీతి. రెండూ కలిసి సిల్వర్ సల్ఫైడుగా మారుతాయి. మొదట పలుచని పసుపు, తరువాత గోధుమరంగు, ఒక్కొక్కప్పుడు నెమలికంఠం వంటి నీలం, చివరకు నలుపు. ఇనుము తుప్పు రేకులు రేకులుగా రాలిపోతుంది. ఈ నలుపు అలా రాలదు, వెండిని అంటిపెట్టుకొనే ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని లెక్క ఒకటి ఉన్నది. ఆ నల్లని పదార్థాన్ని తూకం వేసి విడదీస్తే, అందులో నూటికి 87 పాళ్ళు వెండే. మిగిలిన 13 పాళ్ళు మాత్రమే గంధకం. అంటే మనం మురికి అనుకొని గుడ్డతో తుడిచి, పేస్టుతో రుద్ది, కుళాయి క్రింద కడిగి కాలువలోకి పంపుతున్నది ప్రధానంగా వెండినే. అన్నం గిన్నెకు అంటిన మసి బయటినుంచి వచ్చి చేరినది. వెండి నలుపు అటువంటిది కాదు. అది నగలోని వెండే రూపం మార్చుకొని పైకి వచ్చి నిలిచినది. మసినీ దీనినీ ఒకే పీచుతో తోమడం దగ్గరే మన పొరపాటు మొదలవుతున్నది.

వెండి నల్లబడితే వేసుకొన్న మనిషి ఒంట్లో వేడి ఎక్కువని తీర్మానించే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. కొత్త కోడలి పట్టీలు నెలలో నల్లబడితే ఆ పిల్ల ఆరోగ్యాన్ని శంకించిన ఇల్లు నేను స్వయంగా ఎరుగుదును. ఆ ఇంటి వెనుకనే మూతలేని మురుగు కాలువ పారుతూ ఉండేది. దాని ఆరోగ్యాన్ని ఎవరూ శంకించలేదు.

ఇక నా సంగతి.

మా అమ్మమ్మకు కాలి కడియాలు ఒక జత ఉండేవి. 1937లో ఆమె పెళ్ళికి తెనాలి దగ్గర పల్లెలో నలభై వెండి రూపాయలు కరిగించి కంసాలి చేత చేయించినవి. అప్పటి రూపాయి ఒక్కొక్కటి తులం ఎత్తు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. ఇవాళ బంగారానికి 916 ముద్ర అని మురిసిపోతున్నామే, ఆ పాత రూపాయిలో వెండి పాలు కూడా సరిగ్గా అంతే. (ఆ తరువాత 1940 నాటికి రూపాయిలో వెండి సగానికి పడిపోయింది. 1947లో నికెలు రూపాయి వచ్చింది. అమ్మమ్మ పెళ్ళి మూడు నాలుగేళ్ళు ఆలస్యమై ఉంటే ఆ కడియాల కథ వేరుగా ఉండేది.) నలభై రూపాయలంటే 466 గ్రాములు. ఒక్కొక్క కడియం బొటనవ్రేలంత లావు. రెండు కొసలా తామరమొగ్గలు, మొగ్గల మీద సన్నని ఉలిగీతలు. ఆ గీతలలో నలుపు నిలిచి ఉండడం వల్లనే రేకులు రేకులుగా కంటికి కనిపించేవి.

కడియాల లోపలివైపు మూడు చిన్న గాట్లు ఉండేవి. చిన్నప్పుడు అమ్మమ్మ కాళ్ళ దగ్గర కూర్చొని ఆ గాట్లలో గోరు పెట్టి ఆడుకొనేదానిని. వడ్డీ వ్యాపారులు వెండి తాకట్టు పెట్టుకొనే ముందు ఆకురాయితో ఒక గీత గీచి, లోపల రాగి ఏమైనా ఉన్నదేమో చూసుకొనేవారు. మూడుసార్లు తాకట్టు, ముగ్గురు వ్యాపారులు, మూడు గాట్లు. మొదటిది మా పెద్దమామయ్య చదువుకు. రెండవది బావి త్రవ్వించినప్పుడు. మూడవది మా అమ్మ పెళ్ళికి. మూడుసార్లూ విడిపించుకొని మళ్ళీ కాళ్ళకు తొడుక్కొన్నది. ఆమెకు చదువు రాదు. బ్యాంకు మెట్లు ఎక్కి ఎరుగదు. ఆ మూడు గాట్లే ఆమె పాసుపుస్తకం.

2023 మాఘమాసంలో మా అమ్మాయి పెళ్ళి. ముత్తవ్వ కడియాలు పెట్టుకొని పీటల మీద కూర్చొంటానని అమ్మాయి ముచ్చటపడింది. స్టీలు డబ్బాలోనుంచి తీసి చూస్తే కడియాలు కారునలుపు. వియ్యాలవారి ముందు ఇంత నల్లని నగలా అని నాకే సంకోచం కలిగింది. ఎవరో చెప్పారని కాదు, ఎవరో బలవంతపెట్టారని కాదు, నేనే తీసుకొని వెళ్ళి ఊళ్ళో ఒక పెద్ద నగల దుకాణంలో మెరుగు పెట్టమని ఇచ్చాను. రసీదు మీద బరువు 459 గ్రాములని వ్రాశారు. సాయంకాలం వెళ్ళేసరికి కడియాలు కొత్త స్టీలు గ్లాసుల మాదిరిగా తెల్లగా మెరిసిపోతున్నాయి. బరువు 450 గ్రాములు.

"తొమ్మిది గ్రాములు తగ్గిందేమండీ?" అని అడిగాను.

"మురికి బరువమ్మా అది. ఎన్నేళ్ళ మురికో! లోపలివైపు గీతలు కూడా పడి ఉన్నాయి, మావాడు వాటిని కూడా సాపు చేసేశాడు. దానికి వేరే డబ్బులేమీ తీసుకోలేదు" అన్నాడు కౌంటరులోని మనిషి, ఉపకారం చేసిన ముఖంతో.

అప్పటికి నాకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు. ఇంటికి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మకు అప్పటికి ఎనభై. చూపు మందగించింది. కడియాన్ని త్రిప్పి త్రిప్పి తడిమింది. లోపలివైపు బొటనవ్రేలు పోనిచ్చి ఒకసారి, రెండవదానిలో పోనిచ్చి మరొకసారి.

"గీతలేవే?" అన్నది.

పెళ్ళి హడావుడిలో ఉన్న తమ్ముడు అమ్మను ఓదార్చబోయి, "మన కంసాలికి చెప్పి మళ్ళీ మూడు గాట్లు పెట్టిద్దాంలే అమ్మా" అన్నాడు. "తాకట్టు పెట్టకుండా గాటు ఎట్లా పడుతుందిరా?" అని నవ్వింది అమ్మ. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆ తరువాత ఒక రాత్రి కాగితం, కలం పట్టుకొని లెక్క వేశాను. మురికి బరువన్న మాట నిజమా అని. రెండు కడియాల ఉపరితలం, తామరమొగ్గల వంపులన్నీ ఉదారంగా కలుపుకొన్నా 300 చదరపు సెంటీమీటర్లకు మించదు. దానిమీద నలుపు పొర ఒక మైక్రాను మందం ఉన్నదనుకొందాం. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. చక్కగా నల్లబడిన వెండికి అంత పొర చాలు. ఘనపరిమాణం ఒక ఘన సెంటీమీటరులో నూటికి మూడు పాళ్ళు. సిల్వర్ సల్ఫైడు సాంద్రత సుమారు 7.2. వెరసి ఆ నలుపు మొత్తం బరువు పావు గ్రాము కూడా లేదు. చెమట, సబ్బు, మట్టి ఇరుకులలో చేరినది ఇంకొక గ్రాము వేసుకోండి. మరి మిగిలినది? అది మురికి కాదు, మా అమ్మమ్మ పెళ్ళినాటి రూపాయలు.

ఇంకొక లెక్క కూడా ఉన్నది. నలభై రూపాయలు కరిగించిన నాడు 466 గ్రాములు. ఎనభై ఏళ్ళు దాటిన తరువాత 459. కంసాలి తరుగు, ఆకురాయి గాట్లు, పొలం గట్ల మీద నడిచి అరిగిన అరుగుదల అన్నీ కలిపి ఏడు గ్రాములు పోయింది. ఒక్క మధ్యాహ్నం మెరుగులో తొమ్మిది పోయింది.

కంసాలి చేతివాటం మీద మన భాషలో సామెతలకు కొదవ లేదు. తరతరాలుగా చెప్పుకొని నవ్వుకొన్నాం. ఆ పాత కంసాలి మన ఎదుటనే కుంపటి ముందు కూర్చొని, మనం చూస్తుండగా పని చేసి, మన చేతికి తూచి ఇచ్చేవాడు. ఇవాళ అద్దాల గది వెనుక మరచక్రం మీద ఏమి జరుగుతున్నదో చూసే హక్కు కూడా మనకు లేదు. ఆ చక్రం క్రింద రాలిన దుమ్మును ఊడ్చి, శుద్ధి చేయించి, వెండి తీసుకొంటారు. ఆ దుమ్ము తాలూకు లెక్క మాత్రం మన రసీదులో ఉండదు. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది, ఆ ఏడు ముగిసేలోగా రెండు లక్షలూ దాటింది. అంత ధరలో గ్రాము రెండు వందలన్న మాట. మెరుగు ఉచితం అని బోర్డు పెట్టిన దుకాణం ఎందుకు అంత ధర్మాత్మురాలో ఇక విడమరచి చెప్పనక్కరలేదు.

దుకాణం సంగతి అలా ఉంచి, ఇంట్లో మనం చేసే నిర్వాకం చూద్దాం. పళ్ళ పేస్టులో పళ్ళ మీది గారను గీకడానికి సున్నపురాతి పొడియో, సిలికాయో కలుపుతారు. మన పంటి పింగాణీ వెండి కంటె ఎంతో గట్టిది. పింగాణీ కోసం తయారైన రాపిడి పొడిని తీసుకొని మెత్తని వెండి మీద ప్రయోగిస్తే గీతలు పడక ఏమవుతుంది? ఆ సన్నని గీతలే మనకు మొదటిరోజు మెరుపుగా కనిపిస్తాయి. ఆ గీతలలోనే గాలి, తేమ చేరి మరునెలకు మరింత త్వరగా నల్లబడుతుంది. మళ్ళీ పేస్టు. ఈ చక్రానికి అంతం లేదు. పట్టీ గజ్జెల మీది పువ్వులు ముందు అరిగిపోతాయి, తరువాత కొక్కెం, ఆ తరువాత లంకెలు తెగడం.

ముంచి తీస్తే చాలు తెల్లబడుతుందని సీసాలలో అమ్మే ద్రావణాలు మరొక రకం. వాటిలో సాధారణంగా ఉండేది ఆమ్లమూ, థయోయూరియా అనే రసాయనమూను. రాపిడి లేదు కదా అని సంతోషించవద్దు. నలుపును వెండితో సహా కరిగించి సీసాలోనే ఉంచుకొంటాయవి. నిర్జీవమైన తెలుపు ఒకటి మిగులుతుంది, సున్నం కొట్టిన గోడ మాదిరిగా. చేతులకు తొడుగు లేకుండా వాడవలసిన వస్తువులు కూడా కావవి.

చింతపండు మన ఆడవారికి సర్వరోగ నివారిణి. రాగి చెంబుకూ, ఇత్తడి బిందెకూ అది నిజంగా మందే. వెండి నలుపును మాత్రం అది కరిగించలేదు. వెండిలో కలిపిన రాగిని పైపైన కొంత లాగివేస్తుంది, అంతే. విభూతితో తుడవడం వీటన్నింటిలో సాధువైనది. పూజ సామాగ్రికి మా అమ్మమ్మ కూడా అదే వాడేది. కానీ ఆమె తన కడియాలను ఏనాడూ విభూతితో తోమగా నేను చూడలేదు. తోముకొనే తీరికా లేదు, అవసరమూ లేదు. నడిచే కాలికి ఉన్న కడియం ఎత్తుగా ఉన్నచోట చీర అంచు రాసుకొని దానంతట అదే తెల్లగా ఉండేది, పల్లంలో నల్లగా ఉండేది. మట్టెలు నల్లబడడం ఎవరైనా చూశారా? పెట్టెలో దాచిన మట్టెలు నల్లబడతాయి గానీ వ్రేలికి ఉన్న మట్టెలు అంత సులభంగా నల్లబడవు.

అల్యూమినియం కాగితం, వంటసోడా, వేడినీళ్ళ పద్ధతి ఒకటి ఇటీవల బాగా ప్రచారంలోకి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే మిగిలినవాటికంటె ఇది మేలు. గంధకాన్ని అల్యూమినియం తనవైపు లాక్కొంటుంది, వెండి చాలావరకు వెండిగానే మిగులుతుంది. సాదా గొలుసుకో, గిన్నెకో ఎప్పుడో ఒకసారి చేసుకొంటే తప్పు పట్టను. కాని పనితనం ఉన్న నగకు అది పనికిరాదు. పల్లాలలోని నలుపును కూడా తుడిచిపెట్టి నగనంతటినీ ఒకే రకం పాలిపోయిన తెలుపు చేస్తుంది. పగడమో ముత్యమో పొదిగినవైతే మరీ ప్రమాదం. బోలుగా చేసి లోపల లక్క నింపిన పాత కడియాలను వేడినీళ్ళలో వేస్తే లక్క మెత్తబడి ఇక ఆ నగకు నడుము ఉండదు.

ఇంత చెప్పిన తరువాత నాకు అన్నింటికంటె నవ్వూ, కోపమూ కలిసి తెప్పించే విషయం దగ్గరకు వస్తాను. మెరుగు పెట్టించడానికి నేను వెళ్ళిన ఆ దుకాణంలోనే, అదే కౌంటరుకు ఎదురుగా, అద్దాల అరలో ఆక్సిడైజ్డ్ వెండి నగలు పేర్చి ఉన్నాయి. నల్లని జుంకాలు, నల్లని హారాలు, నల్లని పట్టీలు. వాటి మజూరీ సాదా వెండి మజూరీకంటె ఎక్కువ. అడిగితే యాంటిక్ ఫినిష్ అంటారు. ఆ నలుపు ఎట్లా వచ్చింది? కొత్త వెండిని గంధకపు ద్రావణంలో ముంచి తీస్తే వచ్చింది. పేరుకు ఆక్సిడైజ్డ్ గానీ అందులో ఆక్సైడు ఏమీ లేదు, ఉన్నదంతా అదే సల్ఫైడు. మా అమ్మమ్మ కడియాలకు ఎనభై ఏళ్ళలో గాలి ఇచ్చిన నలుపూ, ఆ జుంకాలకు పది నిమిషాలలో తొట్టి ఇచ్చిన నలుపూ రసాయనశాస్త్రం దృష్టిలో ఒక్కటే. ఒక కౌంటరులో మా అమ్మమ్మ నలుపును మురికి అని గీకి పారవేస్తారు, ఎదుటి కౌంటరులో అదే నలుపును కళ అని అమ్ముతారు. ఇందులో ఎవరిని నిందించాలి? మొదటి కౌంటరు దగ్గర వరుసలో నిలుచున్నది నేనే కదా!

నలుపు అంటే మనకు ఉన్న వైముఖ్యం లోహాల దగ్గర మొదలైనది కాదని నా అనుమానం. పెళ్ళిచూపులలో పిల్ల రంగు గురించి మాట్లాడే ముఖాలే నగ రంగు గురించి కూడా మాట్లాడతాయి. ఈ మాట పెద్దదవుతుంది, ఇక్కడికి ఆపుతాను.

మన ప్రాంతపు పనివారికి నలుపు విలువ తెలియక కాదు. బీదరు పనితనమే చూడండి. 1956 వరకు బీదరు హైదరాబాదు రాష్ట్రంలోనిదే. హైదరాబాదు పాత ఇళ్ళలో పాన్‌దాన్లు, హుక్కా బుడ్డీలు ఆ పనివి ఉండేవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహంలో వెండి తీగను పొదిగి, బీదరు కోట మట్టినీ నవసాగరాన్నీ కలిపిన ముద్దతో రుద్దుతారు. చుట్టూ ఉన్న లోహం కాటుక నలుపు అవుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. ఆ వెండికి అందమంతా చుట్టూ ఉన్న నలుపు వల్ల వచ్చినదే. అటువంటి పెట్టెను మెరుగుకు ఇచ్చి, నలుపంతా పోయి బూడిదరంగు రేకుగా తిరిగి వచ్చాక తల పట్టుకొన్న వారిని నేను ఎరుగుదును.

కరీంనగరం వెండి తీగ పని మరీ సుకుమారం. వెంట్రుకను తలపించే తీగలను పురిపెట్టి, చదును చేసి, చుట్టలు చుట్టి అతుకుతారు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆ తీగల మీద బ్రష్షు పెట్టి పేస్టుతో రుద్దడమంటే సాలెగూటిని చీపురుతో శుభ్రం చేయడమే. తీగ సన్నమయ్యేకొద్దీ అరుగుదల పాలు పెరుగుతుంది. బొటనవ్రేలంత కడియానికి తొమ్మిది గ్రాములు గాయం, అటువంటి జుంకాకు తొమ్మిదో వంతు గ్రాము కూడా ప్రాణాంతకం కావచ్చు.

నాతో వాదించేవారు రెండు మాటలు అంటారు. మొదటిది, పూర్వం మాత్రం తోమేవారు కాదా అని. తోమేవారు. పళ్ళెం, గ్లాసు, కుంది, హారతి పళ్ళెం తోమేవారు, తోమవలసినదే. తినే పళ్ళెం మీద నలుపు ఉంచుకోమని నేను చెప్పడం లేదు. పాత్రకూ నగకూ భేదం ఉన్నదని మాత్రమే నా మనవి. పాత్రకు పని ముఖ్యం, నగకు పనితనం ముఖ్యం.

రెండవది మా అమ్మాయి అత్తగారే అన్నారు. ఆవిడ మంచి మనిషి, కటువుగా అనలేదు. "వదినగారూ, నల్లని నగ పెట్టుకొంటే లేనివాళ్ళలా ఉంటుందండీ" అన్నారు. ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నిజమే, మెరుపు ఒక హోదా. నగను రోజూ తోమడానికి పనిమనిషి ఉన్న ఇల్లని ఆ మెరుపు చెబుతుంది. బంగారం కొనలేనివారి నగ వెండి. నడుము క్రింద బంగారం పెట్టరాదనే ఆచారం వల్ల కలవారి ఇళ్ళలో అది కాళ్ళకు మాత్రం మిగిలింది. కాని అసలు లేనివారి సంగతి ఆలోచించండి. దండకడియమో, కాలి కడియమో ఒక్కటే ఆస్తిగా గల స్త్రీకి ప్రతి గ్రాము రేపటి విత్తనం ఖర్చు, ఆసుపత్రి ఖర్చు. ఆమె తన వెండిని తోమి అరగదీసుకొనేది కాదు. ఆ నలుపును లేమి అని మనం చదువుకొంటున్నాం. ఆమెకు అది పొదుపు.

మెరుగు పెట్టించి పెట్టించి ఆకారం చెడిన నగను చివరకు ఏమి చేస్తాం? పాతది ఇచ్చి కొత్తది తీసుకొంటాం. పాతదాని మీద ముద్ర లేదు కనుక స్వచ్ఛత తక్కువని తరుగు తీస్తారు, కొత్తదాని మీద మజూరీ వేస్తారు. కొత్త వెండికి ఆరు అక్షరాలు, అంకెల గుర్తింపుతో హాల్‌మార్కు వేసే పద్ధతి 2025 సెప్టెంబరు 1న మొదలైంది, అదీ ఐచ్ఛికంగానే. మంచిదే, కొనేవారికి మేలు. పాత కడియానికి మాత్రం అటువంటి ముద్ర ఎవరు వేస్తారు? దానికి ఉన్న గుర్తింపు దాని మీది పనితనమూ, దాని అరుగుదలా, ఆకురాయి గాట్లూను. వాటిని మన చేతులతో చెరిపివేసి కరిగించే మూసలోకి దగ్గరదారి వేస్తున్నాం.

అయితే ఏమి చేయాలని అడుగుతారు. నేను చేస్తున్నది చెబుతాను. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడుకాయలు పిసికి, ఆ నురుగులో నగను కొంచెంసేపు ఉంచి, వ్రేళ్ళతోనే తడిమి జిడ్డు వదిలిస్తాను. మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, పాత నూలు పంచె ముక్కతో అద్ది, నీడన పూర్తిగా ఆరనిస్తాను. ఎత్తు మీద మరీ మసకగా ఉంటే అదే పొడి గుడ్డతో నాలుగుసార్లు తుడుస్తాను, పల్లాల జోలికి పోను. దాచేటప్పుడు ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గాలి చొరని డబ్బాలో, తేమ పీల్చుకోవడానికి ఒక సుద్దముక్కతో పాటు పెడతాను. ఉన్ని గుడ్డ కూడదు, రబ్బరు అసలే కూడదు. ఉప్పునీళ్ళు తగిలితే వెంటనే కడిగివేస్తాను. వీటన్నింటికంటె, వీలైనప్పుడల్లా పెట్టుకొంటాను. ఎప్పుడైనా అతుకు వేయించవలసివస్తే పని చేసేవాని ఎదుట కూర్చొని, ఎక్కడ ముట్టుకోకూడదో ముందే వ్రేలు పెట్టి చూపిస్తాను. వాళ్ళు నన్ను చాదస్తపు మనిషి అనుకొంటారు. అనుకోనీ.

కడియాలు ఇప్పుడు మా అమ్మాయి దగ్గర ఉన్నాయి. పండుగలకు పెట్టుకొంటుంది. మొన్న ఫోను చేసి, "అమ్మా, మొగ్గల మీద గీతలలో పసుపురంగు వస్తున్నది, ఒకచోట నల్లచార కూడా పడింది, ఏం చేయమంటావు?" అని అడిగింది. చార ఎట్లా ఉన్నదని అడిగితే దారం కట్టినట్లు సన్నగా, నిలువుగా ఉన్నదన్నది. రెండు కడియాలూ విడిపోకుండా దేనితో కట్టి పెట్టావని అడిగాను. రబ్బరు బ్యాండుతో అన్నది. ముందు అది తీసివేయమన్నాను. పసుపురంగును మాత్రం ముట్టుకోవద్దన్నాను.